రాధికా సాంత్వనం: కామపురుషార్థంలో స్త్రీ స్వరం

ధర్మార్థకామమోక్షాలు నాలుగూ పురుషార్థాలని భారతీయ శాస్త్రపరంపర ఏకకంఠంతో చెబుతుంది. వీటిలో కామానికి మూడవ స్థానం లభించింది. ధర్మానికి విరుద్ధం కాని కామాన్ని భగవంతుడు తన స్వరూపంగానే గీతాశాస్త్రం సప్తమాధ్యాయంలో పేర్కొన్నాడు. భరతముని రతిని శృంగారరసానికి స్థాయీభావంగా నిర్ణయించాడు. వాత్స్యాయనుడు కామాన్ని శాస్త్రంగా అధ్యయనం చేయవలసిన విషయంగా ప్రతిపాదించాడు. ఇంతవరకు వివాదం లేదు. ఇక్కడ ‘పురుష’ శబ్దం జీవాత్మను సూచిస్తుందనీ, అందులో స్త్రీపురుషభేదం లేదనీ వ్యాఖ్యాతలు వివరిస్తారు. అయితే ఆ సమానార్థం ఆచరణలో ఎంతవరకు నిలిచింది అన్నది చరిత్ర సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించిన తత్త్వం సుప్రసిద్ధం. భర్త భర్త కొరకు ప్రియుడు కాడు, ఆత్మ కొరకే ప్రియుడవుతాడు. భార్యయైనా, ధనమైనా, లోకాలైనా ఆత్మ కొరకే ప్రియమవుతాయి. ఆ ఉపదేశాన్ని విన్నది ఒక స్త్రీ. సమస్త ప్రీతికీ మూలం ఆత్మయే అన్న ఆ సిద్ధాంతాన్ని యథాతథంగా స్వీకరిస్తే, స్త్రీ తన ప్రీతిని గుర్తించడం, దానికి పేరు పెట్టడం, దానిని నిస్సంకోచంగా పలకడం ఆత్మజ్ఞానమార్గానికి దూరమైన విషయాలు కావు. కాని కావ్యశాస్త్రంలో ముగ్ధ, మధ్య, ప్రగల్భ అని నాయికలను విభజించినవారు పురుషులు. విరహోత్కంఠితకు నిట్టూర్పులను, ఖండితకు కోపాన్ని, అభిసారికకు సాహసాన్ని ప్రసాదించినవారూ పురుషులే. స్త్రీ హృదయం అత్యంత సూక్ష్మంగా వర్ణితమైంది. వర్ణించిన కలం మాత్రం చాలావరకు ఆమెది కాలేదు.

ఆ కలాన్ని తన చేతిలోకి తీసుకొని, నాయికాహృదయాన్ని నాయికాస్థానం నుండే పలికిన కవయిత్రి ముద్దుపళని. క్రీస్తుశకం 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఆమె రచించిన శృంగారప్రబంధం ‘రాధికా సాంత్వనం’. ఆ గ్రంథం పుట్టుక, దాని ఖండన, నిషేధం, పునరుద్ధరణ కలిసి దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర. స్త్రీ తన దేహాన్నీ, తన అభిలాషనూ తనవిగా చెప్పుకోవచ్చునా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే ఆ చరిత్ర అంతా పరిభ్రమించింది.

తంజాపురి విద్వత్సభ

తంజావూరు కావేరీతీరపు తమిళదేశం. అయినా నాయకరాజుల కాలంలో అక్కడి రాజసభలో తెలుగు సామ్రాజ్ఞిగా వెలసింది. 1600 నుండి 1634 వరకు పాలించిన రఘునాథనాయకుని ఆస్థానంలో రామభద్రాంబ సంస్కృతంలో ‘రఘునాథాభ్యుదయం’ రచించింది. మధురవాణి రామకథను సంస్కృతకావ్యంగా సంతరించింది. రఘునాథుని కుమారుడు విజయరాఘవనాయకుని కాలంలో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’, ‘ఉషాపరిణయం’ వంటి కృతులతో తెలుగు సాహిత్యంలో స్థిరస్థానం పొందింది. వీరు అంతఃపుర గవాక్షం చాటున నిలిచి విన్నవారు కారు. సభలో ఆసీనులై సమస్యలు పూరించి, సత్కారాలు పొందిన విదుషీమణులు.

1673లో నాయకరాజ్యం అస్తమించింది. అనంతరం భోంసలవంశపు మరాఠాప్రభువులు తంజావూరును వశపరచుకొన్నారు. ప్రభువుల మాతృభాష మారింది కాని సభాభాషగా తెలుగు గౌరవం తరగలేదు. 1739 నుండి 1763 వరకు పరిపాలించిన ప్రతాపసింహ మహారాజు ఆస్థానంలో ముద్దుపళని వర్ధిల్లింది. ఆమె గణికాకులసంజాత. ఆ కాలపు గణికలకు సంగీతం, నృత్యం, అలంకారశాస్త్రం, సంస్కృతాంధ్రభాషలు కులవిద్యలు. సొంత ఆస్తి ఉండేది. దానం చేసే అధికారం ఉండేది. ఆస్తి తల్లి నుండి కూతురికి సంక్రమించేది. గృహస్థకుటుంబాలలోని స్త్రీలకు అక్షరాభ్యాసమే అరుదైన కాలంలో ఈ వర్గం స్త్రీలు శాస్త్రచర్చలో పాల్గొన్నారు.

ఈ వైరుధ్యం కొత్తది కాదు. స్త్రీలకు శాస్త్రగ్రహణసామర్థ్యం లేదన్న పూర్వపక్షాన్ని వాత్స్యాయనుడే ప్రస్తావించి ఖండించాడు. శాస్త్రసంస్కారంతో పదునెక్కిన బుద్ధిగల గణికలు, రాజపుత్రికలు లోకంలో ఉన్నారని ఆయన ఇచ్చిన సమాధానం. ఆ సమాధానంలోనే ఒక పరిమితి కూడా దాగి ఉన్నది. శాస్త్రం అందుబాటులో ఉన్నది కొందరు స్త్రీలకే. ముద్దుపళని ఆ కొందరిలోనిది.

పీఠికలో వెలసిన ఆత్మపరిచయం

ప్రబంధకవులు అవతారికలో తమ వంశాన్ని, గురువును, కృతిభర్తను స్తుతించడం సంప్రదాయం. అల్లసాని పెద్దనాదులు అనుసరించిన ఈ మర్యాదనే ముద్దుపళని అనుసరించింది. కాని ఆ చట్రంలో ఆమె నింపిన విషయం విలక్షణమైనది. ఇతరులు తాతముత్తాతల పాండిత్యాన్ని కీర్తించే స్థానంలో ఆమె తన పితామహి తంజనాయకిని స్మరించింది. తన రూపాన్ని, విద్యను, కళాకౌశలాన్ని ఏ సంకోచమూ లేకుండా పేర్కొన్నది. తాను పండితులను ధనకనకాలతో సత్కరించిన విషయాన్ని, తనకు కావ్యాలు అంకితమైన విషయాన్ని సగర్వంగా ప్రకటించింది.

పురుషకవి స్వీయపాండిత్యాన్ని ప్రకటించుకొంటే దానిని ఆత్మప్రత్యయం అంటారు. స్త్రీ తన సౌందర్యాన్నీ పాండిత్యాన్నీ ఒకే శ్వాసలో పలికితే లోకం దానికి వేరే పేరు పెడుతుంది. ముద్దుపళనికి ఈ విషయం తెలియనిది కాదు. అయినప్పటికీ ఆమె రూపాన్ని విద్యకు ప్రతిబంధకంగా భావించలేదు. విద్యను రూపానికి అలంకారంగా దిగజార్చలేదు. రెండూ తన వ్యక్తిత్వంలో సమానాంశాలుగా నిలిపింది. దేహం సిగ్గుపడవలసిన ఉపాధి కాదనీ, బుద్ధి దేహాన్ని మరుగుపరచవలసిన తెర కాదనీ ఆ పీఠిక మౌనంగా నిరూపిస్తుంది.

ఆమె గురువు వైష్ణవాచార్యుడైన వీరరాఘవదేశికుడు. బాలకృష్ణుడు స్వప్నంలో సాక్షాత్కరించి ఈ కావ్యం రచించుమని ఆదేశించినట్లు, ఆ స్వప్నాన్ని గురుసన్నిధిలో నివేదించి ఆయన అనుమతితో రచనకు ఉపక్రమించినట్లు ఆమె చెప్పుకొన్నది. కృతిభర్త కూడా ఆ చిన్నికృష్ణుడే. తనను పోషించే మహారాజుకు కాక దైవానికి కావ్యాన్ని సమర్పించడంలో భక్తితోపాటు ఒక స్వాతంత్ర్యం కూడా ఉన్నది. ఆండాళ్ ‘తిరుప్పావై’ని తెలుగు చేసినదీ ముద్దుపళనియే. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు పెంచిన గోదాదేవి భగవంతుని తప్ప మరెవరినీ వరించనని ప్రతిజ్ఞ చేసి, తన దేహం యొక్క తపనను దాచకుండా పాడిన భక్తురాలు. ఆ పరంపరను ఆశ్రయించిన కవయిత్రికి శృంగారం, భక్తి పరస్పరవిరోధులుగా తోచకపోవడం సహజం.

రాధ తనను తాను తెలిసికొన్న కథ

శుకమహర్షి జనకమహారాజుకు వినిపించిన కథగా, నాలుగు ఆశ్వాసాలలో, 584 పద్యాలలో ఈ ప్రబంధం సాగుతుంది. కథ సూక్ష్మమైనది. రాధ వరుసకు కృష్ణునికి అత్త. ఆమె ఇళాదేవిని పెంచి పెద్దచేసి, తానే ముందుండి కృష్ణునకిచ్చి వివాహం జరిపిస్తుంది. దంపతులిద్దరికీ హితవు చెప్పి పంపేదీ ఆమెయే. అక్కడితో ఆమె కర్తవ్యం ముగిసింది. అప్పుడు ఆమె హృదయం మొదలవుతుంది.

కృష్ణుడు నవవధువు సాన్నిధ్యంలో కాలం మరచిపోతాడు. రాధ తన ఔదార్యం తనకే శిక్షగా పరిణమించినట్లు గ్రహిస్తుంది. పెద్దరికం వహించిన స్త్రీ, స్వయంగా కన్యాదాత స్థానంలో నిలిచిన స్త్రీ, ఈ స్థితిలో ఏమి చేయాలి? లోకనీతి ఆమెకు మౌనాన్ని విధిస్తుంది. యౌవనవతికి స్థానం విడిచి, వయసుకు తగిన వైరాగ్యం నటించుమంటుంది. రాధ ఆ నటనను నిరాకరిస్తుంది. తనలోని అభిలాష ఉపశమించలేదని ముందుగా తనకు తాను ఒప్పుకొంటుంది. ఆ ఒప్పుకోలే కావ్యానికి కేంద్రబిందువు. విరహం, అసూయ, పశ్చాత్తాపం, ఆగ్రహం అన్నీ అక్కడి నుండి ప్రవహిస్తాయి. ఆమె కృష్ణుని నిందిస్తుంది; తన్ను తాను నిందించుకొంటుంది; చివరకు తనకు రావలసినదాన్ని కోరుతుంది.

కృష్ణుడు తిరిగివచ్చి ఆమెను అనునయించడమే కావ్యనామంలోని ‘సాంత్వనం’. ఇక్కడ బతిమాలేవాడు పురుషుడు, ప్రసన్నురాలు కావలసినది స్త్రీ. పునస్సమాగమంలో రాధ కేవలం స్వీకరించే పాత్ర కాదు. కోరినది ఆమె, చొరవ చూపినది ఆమె, తృప్తిని నిర్ణయించినదీ ఆమె. శృంగారంలో స్త్రీని భోగ్యవస్తువుగా కాక భోక్త్రిగా నిలిపిన ఈ దృష్టి తెలుగు ప్రబంధసాహిత్యంలో అపూర్వమైనది.

ఇందులో గమనింపదగిన మరొక అంశమున్నది. రాధ ఆత్మవిశ్వాసం దుఃఖరహితం కాదు. ఆమె అసూయపడుతుంది, కృశిస్తుంది, కుమిలిపోతుంది. ఇళాదేవి ఆమెకు పరాయిది కాదు. తాను పెంచిన పిల్ల. ఆ ప్రేమకు, ఈ ప్రేమకు మధ్య నలిగిపోయే స్త్రీని చిత్రించి, ఆ నలుగుబాటులో నుంచే ఆమెకు స్వరాన్ని ప్రసాదించింది ముద్దుపళని. జయగాథగా వ్రాసి ఉంటే ఆ పాత్ర కృతకమై ఉండేది. తన బలహీనతను చూచికూడా తన కోరికను అవమానించుకోని స్త్రీగా చిత్రించినందువల్ల రాధ సజీవురాలైంది.

సంప్రదాయంలో ఈ రాధకు స్థానం

ఇది సంప్రదాయబహిష్కృతమైన కల్పన అని కొందరి ఆక్షేపణ. చరిత్ర దానిని సమర్థించదు. 12వ శతాబ్దంలో జయదేవుని ‘గీతగోవిందం’ మానవతియైన రాధ ఎదుట గోవిందుని వినమ్రునిగా నిలిపింది. ఆ కావ్యాన్ని పూరీ జగన్నాథుని సన్నిధిలో గానం చేశారు. 16వ శతాబ్ది ఆరంభంలో నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ పాదతాడనాన్ని కృష్ణుడు ప్రసాదంగా స్వీకరించాడు. ఆ ఘట్టాన్ని తెలుగు పండితలోకం శతాబ్దాలుగా ఆస్వాదించింది. వంగదేశ వైష్ణవంలో రూపగోస్వామి ‘ఉజ్జ్వలనీలమణి’లో మధురరసాన్ని భక్తిరసాలలో శిఖరాయమానంగా ప్రతిష్ఠించి, మహాభావానికి రాధనే ఆశ్రయంగా నిరూపించాడు. క్షేత్రయ్య మువ్వగోపాల పదాలలో నాయిక ఎంత నిర్భయంగా మాట్లాడుతుందో తెలుగువారికి తెలియనిది కాదు.

కనుక రాధ కోపం కొత్తది కాదు, రాధ కోరిక కొత్తది కాదు, కృష్ణుని అనునయం కొత్తది కాదు. కొత్తదల్లా కవి స్థానం. జయదేవుడు, తిమ్మన, క్షేత్రయ్య స్త్రీభావాన్ని ఆరోపించుకొని పలికారు. ముద్దుపళనికి ఆరోపం అవసరం లేకపోయింది. మధురభక్తిలో భక్తుడు పురుషుడైనప్పటికీ నాయికాభావాన్ని అవలంబించాలని ఆచార్యులు చెబుతారు. పురుషునికి సాధనగా విహితమైన భావం స్త్రీకి స్వభావంగా లభిస్తే అది దోషమెట్లా అవుతుంది? ఈ ప్రశ్నను 18వ శతాబ్దంలో ఎవరూ అడగవలసిన అవసరం కలగలేదు. ఆ అవసరం తరువాతి కాలంలో వచ్చింది.

అచ్చులో అదృశ్యమైన పీఠిక

19వ శతాబ్దంలో తంజావూరు రాజ్యం ఆంగ్లేయుల పరమైంది. రాజపోషణ కోల్పోయిన గణికావర్గం క్రమంగా దరిద్రతకు, అపకీర్తికి లోనైంది. విక్టోరియా రాణి కాలపు నైతికదృష్టి పాఠశాలల ద్వారా, న్యాయస్థానాల ద్వారా దేశీయ విద్యావంతుల మనస్సులలో ప్రవేశించింది. శతాబ్దం చివరి దశకంలో మద్రాసు రాజధానిలో నాట్యకచేరీల బహిష్కారోద్యమం బలపడింది. ఒకనాడు సభాభూషణలైన స్త్రీలు సంస్కర్తల దృష్టిలో సమాజవ్యాధికి ప్రతీకలయ్యారు.

ఈ వాతావరణంలో, సి.పి. బ్రౌను పరిచయవర్గానికి చెందిన పైడిపాటి వేంకటనరసు 1887లో ‘రాధికా సాంత్వనం’ను ముద్రించారు. 1907లో అది మళ్లీ వెలువడింది. కాని ఆ ముద్రణలో కవయిత్రి స్వయంగా వ్రాసికొన్న పీఠిక లేదు. కొన్ని పద్యాలు లేవు. ఆశ్వాసాంతగద్యలు లేవు. అంటే కావ్యం మిగిలింది, కావ్యకర్త్రి లుప్తమైంది. పితామహి పేరు, గురువు పేరు, ఆమె చేసిన దానాలు, ఆమె పొందిన కీర్తి అన్నీ ఆ పుటలతోపాటు కనుమరుగయ్యాయి. శృంగారపద్యాలను భరించగలిగిన సంపాదకత్వం, వాటిని వ్రాసిన స్త్రీ తన్ను తాను ప్రకటించుకొన్న మాటలను భరించలేకపోయిందా అన్న సందేహం ఇక్కడ సహజంగా కలుగుతుంది.

తరువాత కందుకూరి వీరేశలింగం పంతులు ‘ఆంధ్రకవుల చరిత్రము’లో ముద్దుపళనిని విమర్శించారు. ఆమె సంస్కృతాంధ్రపాండిత్యాన్నీ, శైలీమాధుర్యాన్నీ ఆయన అంగీకరించారు. అయితే ఈ గ్రంథంలోని కొన్ని భాగాలు స్త్రీలు వినదగినవి కావనీ, స్త్రీ నోట రాదగినవి అంతకన్నా కావనీ ఆయన అభిప్రాయం. 1881లో రాజమహేంద్రవరంలో ప్రథమ వితంతువివాహం జరిపించి, స్త్రీవిద్య కొరకు జీవితాన్ని ధారపోసిన మహనీయుడాయన. ఆయన విమర్శను స్త్రీద్వేషంగా కొట్టివేయడం అన్యాయం. బాలికలను ఆలయాలకు సమర్పించే ఆచారం, ఆ ఆచారాన్ని ఆశ్రయించి సాగిన దోపిడీ ఆయన కళ్ల ఎదుట ఉన్నాయి. ఆ వ్యవస్థపై ఆగ్రహం ఆ వ్యవస్థలో జన్మించిన కవయిత్రి స్వరంపైకి మళ్లింది. స్త్రీని రక్షించదలచిన దృష్టికి రక్షణ కోరని స్త్రీ అర్థం కాలేదు.

నాగరత్నమ్మ ప్రత్యుత్తరం

ఆ విమర్శకు సమాధానం అదే గణికావర్గం నుండి వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడు వద్ద జన్మించింది. తల్లి పుట్టులక్ష్మి ఆమెకు సంగీతనృత్యాలతోపాటు సంస్కృతం, కన్నడం, తెలుగు నేర్పించింది. మద్రాసులో గాయనిగా స్థిరపడి అపారకీర్తి గడించిన నాగరత్నమ్మ ‘రాధికా సాంత్వనం’ ముద్రిత ప్రతిని చదివింది. వ్రాతప్రతిని సంపాదించి పోల్చి చూచింది. ఏది తొలగించబడిందో అప్పుడు ఆమెకు బోధపడింది.

1910లో ఆమె పరిష్కరించిన సంపూర్ణపాఠాన్ని వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ సంస్థ ప్రకటించింది. పీఠిక తిరిగి తన స్థానానికి చేరింది. ఆ ముద్రణకు నాగరత్నమ్మ వ్రాసిన ముందుమాటలో వీరేశలింగం గారి విమర్శకు సూటియైన సమాధానమున్నది. ఆమె తర్కం సారాంశం ఇది: లజ్జ స్త్రీలకే సహజమా, పురుషులకు అవసరం లేదా? శృంగారవర్ణన దోషమే అయితే అది వ్రాసిన పురుషకవులందరికీ వర్తించవలదా? ప్రసిద్ధ ప్రబంధాలలోనూ, విమర్శకుడు స్వయంగా రచించిన ‘రసికజనమనోరంజనం’లోనూ అటువంటి వర్ణనలు ఉన్నాయి కదా! పురుషుడు వ్రాస్తే రసం, స్త్రీ వ్రాస్తే అశ్లీలం అన్న ద్వంద్వప్రమాణానికి ఏ అలంకారశాస్త్రంలో ఆధారమున్నది?

ఇది న్యాయశాస్త్రపద్ధతిలో నడిచిన వాదం. ప్రతిపక్షి హేతువును స్వీకరించి, ఆ హేతువు అతని ఇష్టవిషయాలకు కూడా వర్తిస్తుందని చూపి, అతిప్రసంగదోషాన్ని నిరూపించడం తార్కికుల రీతి. నాగరత్నమ్మ ఆవేశాన్ని ఆశ్రయించలేదు. ‘ఈమె స్త్రీ గనుక క్షమించండి’ అని ప్రాధేయపడలేదు. స్త్రీ గనుకనే, తన వర్గానికి చెందిన విదుషి గనుకనే ఈ కావ్యం తనకు మరింత ప్రియమైనదని ప్రకటించింది. సుమారు 150 సంవత్సరాల అంతరంతో ఇద్దరు స్త్రీల ఆత్మప్రత్యయం ఆ పుస్తకపు మొదటి పుటలలో కలిసికొన్నది.

నిషేధం, విమోచనం

ఫలితం వెంటనే కనిపించింది. పత్రికలలో ఖండనలు వెలువడ్డాయి. వేశ్య రచించిన గ్రంథాన్ని మరొక వేశ్య పరిష్కరించిందని ఎద్దేవా చేసినవారున్నారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఈ గ్రంథంలో అశ్లీలత ఉన్నదని నిర్ణయించి ప్రతులను స్వాధీనం చేసికొన్నది. పండితులు చేసిన విన్నపాలు ఫలించలేదు. తిమ్మన కావ్యం, జయదేవుని కావ్యం అంగళ్లలో లభించే కాలంలోనే ముద్దుపళని కావ్యం నేరవస్తువైంది.

నాగరత్నమ్మ ఆ పరాజయంతో కుంగిపోలేదు. తిరువైయారులో శిథిలమై ఉన్న త్యాగరాజస్వామి సమాధిని తన సొంతధనంతో ఆలయంగా ఉద్ధరించింది. 1925లో అక్కడ ప్రతిష్ఠ జరిగింది. ఆరాధనోత్సవాలలో స్త్రీలు గానం చేయరాదన్న అడ్డంకి ఎదురైనప్పుడు, స్త్రీలే నిర్వహించే ఆరాధనబృందాన్ని ఏర్పరచి ఆ సన్నిధిలో పాడింది, పాడించింది. శృంగారప్రబంధాన్ని అచ్చువేయించిన స్త్రీయే నాదోపాసకుని పాదాలచెంత సర్వస్వం సమర్పించింది. ఈ రెండు కార్యాలలో పరస్పరవిరోధం చూచినవారు ఆమెను అర్థం చేసికోలేదు. రాగం ఒక్కటే, దాని విషయం మాత్రమే మారింది.

టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాజధాని ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో వావిళ్లవారి ప్రయత్నం ఫలించి, 1947లో నిషేధం తొలగింది. అదే సంవత్సరం దేవదాసీసమర్పణను నిషేధించే చట్టం మద్రాసులో ఆమోదింపబడింది. ఒక వ్యవస్థ అస్తమించిన ఏడాదే ఆ వ్యవస్థలో పుట్టిన స్వరానికి విముక్తి లభించడం చరిత్రలోని విచిత్రసంయోగం. 1952లో వావిళ్లవారు గ్రంథాన్ని పునర్ముద్రించారు. ఆ ఏడాదిలోనే నాగరత్నమ్మ పరమపదించింది. తిరువైయారులో త్యాగరాజసన్నిధికి అభిముఖంగా ఆమె స్మారకమున్నది.

విచారణకు మిగిలినది

ఈ చరిత్ర నుండి సులభమైన ఉపసంహారం చేయడం ఉచితం కాదు. ముద్దుపళని స్వాతంత్ర్యానికి ఆర్థికాధారం రాజపోషణ. ఆ పోషణ ఉపసంహరింపబడిన తరువాత ఆమె వంటి స్త్రీలకు మిగిలిన స్థితిని పందొమ్మిదవ శతాబ్దం చూపింది. ఆమె పలికిన స్వరం ఆ కాలపు గృహిణులకు అందుబాటులో లేదు; వారి హృదయంలో ఏముండెనో చెప్పే కావ్యం మనకు దక్కలేదు. ఒక వర్గపు స్త్రీలకు విద్య ఉన్నది, కులస్త్రీగౌరవం లేదు. మరొక వర్గపు స్త్రీలకు గౌరవమున్నది, విద్య లేదు. తనను తాను తెలిసికొనడానికి ఈ రెండూ కావాలి. అవి ఒకే స్త్రీలో కలిసే అవకాశాన్ని సమాజం శతాబ్దాలపాటు నిరోధించింది. సంస్కర్తలు మొదటివర్గపు బంధనాలను త్రెంచదలచి ఆ వర్గపు విద్యను కూడా కోల్పోయేటట్లు చేశారు.

అయినా యాజ్ఞవల్క్యుని ఉపదేశం నిలిచే ఉన్నది. ప్రియమైనదంతా ఆత్మ కొరకే ప్రియం. కామాన్ని జయించడానికి ముందు దానిని గుర్తించాలి. తనది కాని దానిని ఎవరూ త్యజించలేరు. ఎన్నడూ తనదిగా చెప్పుకొనే అధికారం పొందని అభిలాషను స్త్రీ త్యజించినదని కీర్తించడం త్యాగానికి అర్థాన్ని లోపింపజేయడమే. రాధ ముందుగా తన కోరికను ఒప్పుకొన్నది, పిదప కోపగించింది, పిదప కోరింది, చివరకు శాంతించింది. ఆ శాంతి నిగ్రహంవల్ల వచ్చినది కాదు, గుర్తింపువల్ల వచ్చినది. సాంత్వనశబ్దానికి ముద్దుపళని ఇచ్చిన అర్థం అదే.

1887లో తొలగింపబడిన ఆ కొన్ని పుటలు నేడు ప్రబంధపు ఆరంభంలో యథాస్థానంలో ఉన్నాయి. కావ్యం చదవబూనిన వారు ముందుగా ఒక స్త్రీ పేరును, ఆమె పితామహి పేరును, ఆమె తన్ను గురించి తాను చెప్పుకొన్న మాటలను దాటి మాత్రమే రాధను చేరగలరు.